ఎన్నిసార్లు ఓడించినా అవే కుటుంబాలు: పదవీకాలానికి పరిమితి పెడితే మార్పు వస్తుందా?

ప్రశ్న: డెల్టా ఓటరు

సభ్యులందరికీ నమస్కారం. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డది అన్న వాదన కోసం ఈ ప్రశ్న అడగడం లేదు. దయచేసి చర్చను అటు మళ్లించవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 151 స్థానాలు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ 2024లో 11కు పడిపోయింది. 23కు పరిమితమైన తెలుగుదేశం 135కు పెరిగింది. తెలంగాణలో 2018లో 88 స్థానాలతో గెలిచిన పార్టీకి 2023లో 39 మాత్రమే దక్కాయి. కాబట్టి ఓటరు నిద్రపోతున్నాడని ఎవరూ అనలేరు. అయినా మా నియోజకవర్గంలో నాకు ఊహ తెలిసిన నాటి నుంచీ పోటీ రెండు కుటుంబాల మధ్యనే జరుగుతోంది. తండ్రి తరువాత కొడుకు, కొడుకు కాకపోతే అల్లుడు. ఒక్కోసారి అన్న ఒక పార్టీలో, తమ్ముడు మరో పార్టీలో. కండువా రంగు మారుతుందే కాని ఓటింగ్ యంత్రం మీద కనిపించే ఇంటిపేర్లు మారవు. ఓడినవారు అయిదేళ్లు ఓపిక పట్టి తిరిగి వస్తారు, ఎందుకంటే వారి స్థానంలోకి మరొకరు వచ్చే అవకాశమే ఉండదు.

అమెరికాలో 1951 నుంచి ఒక వ్యక్తి రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కావడానికి వీల్లేదు. మన శాసనసభ్యులకు, ఎంపీలకు, ముఖ్యమంత్రులకు అటువంటి హద్దు ఏదీ లేదు. రెండు లేదా మూడు పర్యాయాలకు మించి పోటీ చేయకూడదన్న నిబంధన, పనిచేయని ప్రతినిధిని మధ్యలోనే వెనక్కి పిలిచే హక్కు, ఈ రెండింటిలో చట్టపరంగా ఏది సాధ్యం, ఆచరణలో ఏది ఉపయోగం? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: విశ్రాంత పంచాయతీ ఉద్యోగి

డెల్టా ఓటరు గారూ, పరిమితి పెడితే ఏం జరుగుతుందో చూడడానికి అమెరికా దాకా వెళ్లనవసరం లేదు, ఆ ప్రయోగం మన పల్లెల్లో చాలాకాలంగా నడుస్తూనే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ తరువాత సర్పంచ్ పదవులకు రిజర్వేషన్లు రొటేషన్ పద్ధతిలో మారుతున్నాయి. జనరల్ స్థానం మహిళలకు కేటాయింపు కాగానే నిన్నటి సర్పంచ్ పోటీకి పనికిరాడు. చట్టం ఆయనను తప్పించింది, కాని ఆయన ఇంటిని తప్పించలేదు. భార్య నామినేషన్ వేస్తుంది, కరపత్రం మీద ఆమె ఫొటో కంటే ఆయన ఫొటో పెద్దదిగా ఉంటుంది, గెలిచాక తీర్మానాల పుస్తకం ఆయన చేతికే వస్తుంది. స్థానం ఎస్సీలకు కేటాయింపు అయితే ఊరి పెద్ద తన చెప్పుచేతల్లో ఉండేవారిని నిలబెడతాడు. నా ఉద్యోగ జీవితంలో ఇటువంటి పంచాయతీలను చాలా చూశాను. న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి: మొదట భర్త చాటున కూర్చున్న మహిళల్లో కొందరు రెండు మూడేళ్లకు పద్దులు చదవడం నేర్చి, సంతకం పెట్టే ముందు ప్రశ్నలు అడిగి, తరువాత సొంతంగా ఎంపీటీసీలుగా కూడా గెలిచారు. అందువల్ల రొటేషన్ వృథా అని నేను అనను. కేవలం వ్యక్తిని తప్పిస్తే కుటుంబం తప్పుకోదని మాత్రమే అంటున్నాను.

ఫిలిప్పీన్స్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. మార్కోస్ నియంతృత్వం తరువాత వచ్చిన 1987 రాజ్యాంగం దిగువ సభ సభ్యులు వరుసగా మూడు పర్యాయాలకు మించి ఉండకూడదని చెప్పింది. గడువు ముగిసిన సభ్యుడు భార్యనో, తమ్ముడినో, కూతురినో నిలబెట్టి, ఒక విడత ఆగి తిరిగి రావడం అక్కడ మామూలైపోయింది.

నా దృష్టిలో అసలు లోపం మరొకటి ఉంది. కొత్త నాయకుడు తయారయ్యే చోటు స్థానిక సంస్థ, దానికే మనం ఎన్నికలు సకాలంలో జరపం. పంచాయతీ గడువు అయిదేళ్లని, ఆ గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగం 243-ఇ అధికరణంలో చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిసిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలన సాగి, 2025 డిసెంబరులో గాని పోలింగ్ జరగలేదు. రెండు చోట్లా అధికారంలో ఉన్న పార్టీలు వేరు, చెప్పిన కారణాలు వేరు. ఎమ్మెల్యేకు మాత్రం రెండు సందర్భాలూ సుఖమే, ఎందుకంటే ఊళ్లో ఆయనకు దీటుగా జనం ఎన్నుకున్న మనిషి ఉండడు, ప్రత్యేకాధికారి ఆయన ఫోనుకు పలుకుతాడు.

సమాధానం: హనుమకొండ న్యాయవాది

చట్టపరమైన భాగానికి నేను సమాధానం చెబుతాను. 84, 173 అధికరణాలు పౌరసత్వం, వయస్సు వంటి అర్హతలు చెప్పి, మిగిలిన అర్హతలను పార్లమెంటు చట్టం ద్వారా నిర్ణయించవచ్చని వదిలాయి. అనర్హతల విషయంలో 102, 191 అధికరణాలు కూడా అటువంటి వెసులుబాటే ఇచ్చాయి. కాబట్టి పర్యాయాల పరిమితిని ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణగా తేవడం పార్లమెంటుకు అసాధ్యం కాదని నా అభిప్రాయం. రాష్ట్ర శాసనసభకు మాత్రం ఆ అధికారం లేదు. అయితే ఆ సవరణకు అనుకూలంగా చేయి ఎత్తవలసినవారు మూడోసారి, నాలుగోసారి గెలిచి అక్కడ కూర్చున్నవారే.

మీ ప్రశ్నలో ‘వారి స్థానంలోకి మరొకరు వచ్చే అవకాశమే ఉండదు’ అన్న వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. ఆ అవకాశాన్ని ఆపుతున్నది గడిచిన సంవత్సరాల సంఖ్య కాదు, బి-ఫారం. గుర్తింపు పొందిన పార్టీ గుర్తు ఎవరికి దక్కాలో ఆ ఒక్క కాగితం తేలుస్తుంది. అది ఎవరికి ఇవ్వాలన్న విషయంలో నియోజకవర్గంలోని పార్టీ సభ్యులకు ఓటు లేదు, చట్టం కూడా అడగదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29-ఎ సెక్షన్ కింద పార్టీ నమోదు కావాలంటే చట్టం ప్రధానంగా కోరేది రాజ్యాంగానికి విధేయత ప్రకటించడమే. ఆ తరువాత పార్టీ లోపల ఎన్నికలు నామమాత్రంగా జరిగినా, ఆ కారణంతో నమోదు రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదు. పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యాన్ని చట్టంలోకి తేవాలని లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలోనే సూచించింది. 2022లో వైఎస్సార్ కాంగ్రెస్ శాశ్వత అధ్యక్షుడి వ్యవహారం వార్తల్లోకి వచ్చినప్పుడు ఎన్నికల సంఘం శాశ్వత పదవి అన్న భావనే ప్రజాస్వామ్య విరుద్ధమని లిఖితపూర్వకంగా చెప్పింది. ఆ ఒక్క పార్టీనే వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. తెలుగుదేశం నాయకత్వం 1995 నుంచి, టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) నాయకత్వం 2001లో పుట్టిన నాటి నుంచి ఒకే చేతిలో ఉన్నాయి. ఈ మూడు పార్టీల్లో ఏదైనా ఒక నియోజకవర్గ అభ్యర్థిని అక్కడి సభ్యుల రహస్య ఓటుతో ఎంపిక చేసిందని నేను వినలేదు.

దీనికి తోడు ఫిరాయింపుల చట్టం. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు తిరుగుబాటుతో ఎన్టీఆర్ ప్రభుత్వం కూలడం, జనం వీధుల్లోకి రావడం, నెల రోజుల్లో ఆయన తిరిగి ముఖ్యమంత్రి కావడం పెద్దవారందరికీ గుర్తుండే ఉంటుంది. మరుసటి సంవత్సరం 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది, 2003లో 91వ సవరణతో మూడింట ఒక వంతు చీలిక మినహాయింపు పోయింది. కాని నిర్ణయించే అధికారం సభాపతిదే కావడంతో ఫలితం తలకిందులైంది. విప్‌కు, అంటే పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా మనస్సాక్షి ప్రకారం ఒక్క ఓటు వేసిన సభ్యుడు పదవి పోగొట్టుకుంటాడు. పట్టపగలు అధికార పార్టీ కండువా కప్పుకున్న సభ్యుడు, ఫిర్యాదు మీద సభాపతి ఏమీ తేల్చనంత కాలం, పదవిలోనే కొనసాగుతాడు. 2014లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ సభలో ప్రతిపక్షం నుంచి 23 మంది అలా వెళ్లారు, వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ సభ్యులు విలీనం పేరుతో అధికార పార్టీలో చేరారు. 2023 తరువాత ప్రవాహం ఎదురు దిశలో సాగి, 10 మంది బీఆర్ఎస్ సభ్యుల వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. మూడు నెలల్లో నిర్ణయించాలని కోర్టు 2025 జులై 31న సభాపతిని ఆదేశించింది. ఈ బాధ్యత సభాపతి దగ్గరే ఉండాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది. ఈ అధికారాన్ని ఎన్నికల సంఘం సలహా మేరకు రాష్ట్రపతికి, గవర్నర్‌కు ఇవ్వాలని లా కమిషన్ 2015లో 255వ నివేదికలో చెప్పే ఉంది. ఒక్క సంస్కరణే కోరుకోమంటే నేను పర్యాయాల పరిమితి కంటే ముందు దీన్నే కోరుకుంటాను.

సమాధానం: కొచ్చిలో ఉద్యోగి

ఎక్కువకాలం పదవిలో ఉండడమే నేరమన్నట్లు మాట్లాడడం నాకు సమ్మతం కాదు. ఊమెన్ చాందీ పుతుప్పళ్లి నుంచి 1970లో గెలిచి 2023లో మరణించే వరకు అక్కడి శాసనసభ్యుడిగానే ఉన్నారు. ఆదివారం ఇంటి ముందు నిలబడిన ఎవరినైనా కలిసేవారన్న పేరు ఆయన రాజకీయ ప్రత్యర్థులు కూడా కాదనలేదు. అటువంటి మనిషిని రెండు పర్యాయాల తరువాత ఇంటికి పంపితే ఆ ఓటర్లకు ఏమి మేలు? ఆయన మరణానంతరం ఆ స్థానంలో కుమారుడే గెలిచారన్నది మీరు అడగబోయే ప్రశ్న, దానికి నా దగ్గర సమాధానం లేదు.

అదే కేరళలో సీపీఎం 2021లో వరుసగా రెండుసార్లు గెలిచినవారికి టికెట్ ఇవ్వరాదన్న నియమాన్ని చట్టం అవసరం లేకుండానే అమలు చేసింది. ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్, ప్రజాపనుల మంత్రి జి. సుధాకరన్ వంటివారికి పోటీ చేసే అవకాశం రాలేదు. అయినా కూటమి 140కి 99 గెలిచింది. గత మంత్రివర్గంలోని తన మంత్రులెవరినీ సీపీఎం తిరిగి తీసుకోకపోగా, నిపా, కొవిడ్ కాలాల్లో ఆరోగ్య శాఖను నడిపిన శైలజ టీచర్ కూడా బయటే ఉండిపోయారు. మినహాయింపు ముఖ్యమంత్రికి మాత్రమే. ఆ మినహాయింపు మీద విమర్శ రావడం సహజమే, కాని మిగిలినవారి విషయంలో పార్టీ తలచుకుంటే ఎంత సులువో తెలిసింది.

సమాధానం: శాక్రమెంటో తెలుగు పాఠకుడు

కాలిఫోర్నియా ఓటర్లు 1990లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా రాష్ట్ర దిగువ సభలో 6 సంవత్సరాలు, సెనేట్‌లో 8 సంవత్సరాలు అని పరిమితి పెట్టారు. పాతవారు వెళ్లారు, మహిళలు, లాటినోలు ఎక్కువగా వచ్చారు, అంతవరకు మేలే. కాని బడ్జెట్ అర్థమయ్యే సరికి సభ్యుడి గడువు తీరిపోయేది, ఆయన చూపు అప్పటికే పై సభ టికెట్ మీద ఉండేది. పదేళ్లూ ఇరవయ్యేళ్లూ అక్కడే ఉండేవారు లాబీయిస్టులు (కంపెనీల తరఫున సభ్యులను ప్రభావితం చేసేవారు), శాశ్వత సిబ్బంది. చివరకు 2012లో ఓటర్లే నిబంధనను సవరించి, రెండు సభలూ కలిపి 12 సంవత్సరాలు, కావాలంటే మొత్తం ఒకే సభలో గడపవచ్చని మార్చుకున్నారు. మన దగ్గర లాబీయిస్టు పాత్ర కాంట్రాక్టరుకు దక్కుతుందని నా అనుమానం.

ప్రశ్నకర్త: డెల్టా ఓటరు

అందరికీ కృతజ్ఞతలు. పరిమితి గురించి నా ఉత్సాహం కొంత తగ్గిన మాట నిజమే. న్యాయవాది గారు వెనక్కి పిలిచే హక్కు గురించి, నోటా గురించి కూడా చెబితే బాగుంటుంది.

సమాధానం: హనుమకొండ న్యాయవాది

శాసనసభ్యుడిని గాని, ఎంపీని గాని వెనక్కి పిలిచే హక్కు దేశంలో ఎక్కడా లేదు. మధ్యప్రదేశ్ పురపాలక చట్టంలో ఛైర్మన్ల విషయంలో ఉంది, హర్యానా 2020లో సర్పంచ్‌ల విషయంలో తెచ్చింది. పై స్థాయికి దాన్ని విస్తరించడం లా కమిషన్‌కు నచ్చలేదు, నాకూ భయమే: అయిదు వేల ఓట్లతో ఓడిన అభ్యర్థి మొదటి రోజు నుంచే సంతకాల సేకరణ మొదలుపెడతాడు. నోటా 2013 సెప్టెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది, కాని దానికి పళ్లు లేవు. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో 2 లక్షలకు పైగా ఓట్లతో నోటా రెండో స్థానంలో నిలిచినా ఫలితం మీద ప్రభావం సున్నా. మొదటి స్థానంలో నిలిచినా సున్నానే.

సమాధానం: 1983 తొలి ఓటరు

అప్పట్లో ఓటు హక్కుకు 21 ఏళ్లు నిండాలి, నాకు అప్పుడే నిండాయి. అంతకు ముందు అయిదేళ్లలో ఢిల్లీ నుంచి నలుగురు ముఖ్యమంత్రులను మార్చారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ కసితో తొమ్మిది నెలల పార్టీకి 200కు పైగా స్థానాలు ఇచ్చాం. డాక్టర్లు, లాయర్లు, నిన్నటి దాకా కళాశాలలో ఉన్న కుర్రవాళ్లు ఎమ్మెల్యేలయ్యారు. మీరు కోరుతున్న కొత్త రక్తం ఒక్క రోజులో వచ్చింది. ఆ బృందంలో తునిలో గెలిచిన యనమల రామకృష్ణుడు 2004 వరకు వరుసగా గెలిచి, 2009లో ఓడారు. 2024లో అదే స్థానంలో కుమార్తె గెలిచారు. అదే 1983లో తొలిసారి గెలిచిన గోరంట్ల బుచ్చయ్య చౌదరి 2024లో అత్యంత సీనియర్‌గా ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ అయ్యారు, అయ్యన్నపాత్రుడు సభాపతి అయ్యారు. వారిని తప్పుపట్టడం లేదు, ఓట్లు వేసింది మేమే. మనుషులను మార్చాం, టికెట్ ఇచ్చే పద్ధతిని మార్చలేదు.

మరొకటి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఈనాడు ఆ డాక్టరు, ఆ లాయరు టికెట్ అడగడానికి వెళితే ముందు ఎదురయ్యే ప్రశ్న ‘ఎంత పెట్టగలరు?’ అనే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు మన రెండు రాష్ట్రాల్లో 40 లక్షల పరిమితి ఉంది, పార్టీ తన సాధారణ ప్రచారానికి పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. డబ్బున్న పాత కుటుంబానికి ఇంతకంటే పెద్ద కోట ఏముంది? దీన్ని సరిచేయకుండా పర్యాయాలు లెక్కపెడితే పాత ఎమ్మెల్యే స్థానంలో ఆయన కాంట్రాక్టరు వస్తాడు.

సమాధానం: హనుమకొండ న్యాయవాది

పెద్దాయన చెప్పింది నిజం. ఆ లెక్కలు చూసే హక్కు మాత్రం మనకు ఇప్పటికే ఉంది. ఫలితం వెలువడిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చు వివరాలు జిల్లా ఎన్నికల అధికారికి సమర్పించాలి, నామమాత్రపు రుసుముతో ఏ పౌరుడైనా వాటిని పరిశీలించి నకలు తీసుకోవచ్చు. పార్టీలు అసెంబ్లీ ఎన్నిక తరువాత 75 రోజుల్లో ఎన్నికల సంఘానికి లెక్క ఇవ్వాలి. డెల్టా ఓటరు గారు తమ నియోజకవర్గంలోని ఆ రెండు కుటుంబాల 2024 లెక్కల నకలు తీసుకుని, ఊళ్లో తాము కళ్లారా చూసిన సభలు, వాహనాలు, భోజనాలతో పోల్చి ఇక్కడ రాస్తే చర్చ మరింత నిర్దిష్టంగా సాగుతుంది.