చార్టర్ పడవలో రాత్రికి రాత్రే తగ్గిపోతున్న బ్యాటరీ: లోపం ఎక్కడ?

గ్రీసులోని లెఫ్కాడాలో అద్దెకు తీసుకున్న 40 అడుగుల తెరచాప పడవలో ఫ్రిజ్, లంగరు దీపం, వీహెచ్‌ఎఫ్ రేడియోలకు కరెంటు ఇచ్చే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రాత్రికి రాత్రే నీరసిస్తున్నాయి. ఇంజిను నడుస్తుండగా టెర్మినళ్ల వద్ద 14.2 వోల్టులు కనిపిస్తున్నందున ఇంజినుతో తిరుగుతూ బ్యాటరీలను ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు బాగానే ఉన్నట్టు భావిస్తున్నాను. కానీ ఇంజిను ఆపిన గంటకు 12.7గా ఉన్నది తెల్లవారేసరికి 11.7కు దిగుతోంది. లంగరు వేసిన పడవ ఇతర పడవలకు కనిపించేలా లంగరు దీపం రాత్రంతా వెలగవలసిందే, అందులో రాజీ పడలేను.

టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించాను, ఫ్రిజ్ ఆపి చూశాను. రేవులో తీర విద్యుత్తు తీసేసి మెయిన్ స్విచ్చి ఆపినా ఉదయానికి 12.1 మాత్రమే మిగిలింది. పడవ అడుగున చేరే నీటిని తోడే పంపును నేరుగా బ్యాటరీకే కలిపారు కనుక దాన్నీ పరిశీలించాను. అది తిరగడం లేదు.

చేతిలో మల్టీమీటరు ఒక్కటే ఉన్నప్పుడు, బ్యాటరీల సామర్థ్యమే పోయిందా లేక కరెంటు ఎక్కడైనా లీకవుతోందా అన్నది ఏ పరీక్షతో తేల్చుకోవాలి?