బాబుకి చెత్తబండి వేషం వచ్చింది. మార్చమని అడగొచ్చా?

మారతహళ్ళి_అమ్మ: మా బాబు ఎల్‌కేజీ. బెంగళూరులో ఉంటాం. శుక్రవారం స్కూల్లో కమ్యూనిటీ హెల్పర్స్ డే. చీటీలు తీశారట. పక్క ఫ్లాట్ పాపకి డాక్టర్, ఇంకొకరికి పోలీసు, మావాడికి పౌరకార్మికుడు, అంటే రోడ్లు ఊడ్చి చెత్త ఎత్తే మనిషి. రిఫ్లెక్టర్ జాకెట్, గ్లవ్స్, చీపురు తెమ్మని మెసేజ్ పెట్టారు. ఆ పనంటే నాకు చిన్నచూపేమీ లేదు. కానీ ఆ ఫోటోలు ఊళ్ళో తాతయ్యవాళ్ళు చూస్తారు. వేరే వేషం అడిగితే తప్పా?

బెళ్ళందూరు_బాలు: అడగండి. ఫీజు కట్టేది మనం.

కేఆర్‌పురం_తాత: అసలు ‘హెల్పర్’ అన్న మాటే తప్పు. సహాయమంటే ఊరికే చేసేది. మొన్న నా పంటికి రూట్ కెనాల్ చేసి ఏడు వేలు పుచ్చుకున్నాయన నాకు హెల్పరా?

ఆటల_టీచర్: పదకొండేళ్ళుగా ప్రీస్కూల్లో పనిచేస్తున్నాను, కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి. చీటీ తీసి వేషం కట్టించడం ఆట కాదండీ, అది తల్లిదండ్రుల కోసం ఫోటోలు. ఆటైతే ఎవరేం అవుతారో పిల్లలే చెప్పుకోవాలి, బుద్ధి పుట్టినప్పుడు మార్చుకోవాలి. మా క్లాసులో ఓ మూల ఆకుపచ్చ డబ్బా, ఎర్ర డబ్బా, ఒక సంచీ పెట్టాం. 2015లో కర్ణాటక హైకోర్టు చెప్పాక మన ఇళ్ళకొచ్చిన పద్ధతే. అరటి తొక్క పచ్చదాంట్లో, బొమ్మకి వేసిన డైపరు ఎర్రదాంట్లో, పాల కవరు సంచీలో. పిల్లలు కొట్టుకునేది స్టెతస్కోప్ కోసం అనుకుంటున్నారా? చెత్తబండి స్టీరింగ్ కోసం! అది పాత స్టీలు పళ్ళెం. ఒక పాప రోజూ బండి పక్కన నిలబడి డబ్బాలు తనిఖీ చేస్తుంది. నిన్న ఒకడు కడగని పాల కవరు తెస్తే వాడి చేతిలోనే పెట్టి ‘వాపస్! కడిగి తే’ అంది. అది నేను నేర్పలేదు. 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకి ఆటతోనే చదువని 2022 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా చెప్పింది.

కేఆర్‌పురం_తాత: పాలకవరు సంగతి సరే. నా ప్రశ్నకి జవాబు రాలేదు. జీతం తీసుకునేవాళ్ళు హెల్పర్లు ఎలా అవుతారు?

హెచ్ఎస్ఆర్_సునంద: మా పాపకి ఎమర్జెన్సీ నంబరు 112 నేర్పారు. నిజం ఫోన్‌లోంచే చేసి ‘మా అమ్మ బలవంతంగా అన్నం పెడుతోంది, రండి’ అంది. అప్పటినుంచి ఫోన్‌కి లాక్.

బెళ్ళందూరు_బాలు: టీచర్ గారూ, క్లాసు మూల వేరు, స్టేజీ వేరు. ఐదో తరగతి నాటకంలో నన్ను బిచ్చగాణ్ణి చేశారు. పదో తరగతి దాకా అదే నా పేరు. మా చెల్లి పెళ్ళిలో కూడా ఒకడు అలాగే పిలిచాడు. రేపు ఆ బాబుని ‘చెత్తోడా’ అంటే మీరు వస్తారా?

ఆటల_టీచర్: స్టేజీ వద్దనే కదండీ నేను రాసింది. చదివారా?

బెళ్ళందూరు_బాలు: చదివాను. మీ సొంత పిల్లలకి ఆ వేషం వేస్తారా? అవునా, కాదా?

ఆటల_టీచర్: వేస్తాను.

బెళ్ళందూరు_బాలు: రాయడం తేలిక.

మదనపల్లె_మనవరాలు: ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను. ఈసారి రాయక తప్పడం లేదు. మా అవ్వ మదనపల్లె పక్క పల్లెనుంచి వచ్చి ఈ ఊళ్ళో ఇరవై ఎనిమిదేళ్ళు రోడ్లు ఊడ్చింది. బెంగళూరు రోడ్లు ఊడ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళు, అందులో దళితులు, ఎంతమందో ఇక్కడ ఎవరికీ తట్టినట్టు లేదు. పొద్దున్నే గ్లవ్స్ లేని చేతులతో వెళ్ళేది. మధ్యాహ్నం వచ్చాక గోళ్ళలో నిమ్మచెక్క రుద్దుకుని గానీ నన్ను ఎత్తుకునేది కాదు. చివరిదాకా కాంట్రాక్టే. 2025 మే డేనాడు 12 వేలమందికి పైగా పర్మనెంట్ ఆర్డర్లు ఇచ్చారు, అప్పటికి అవ్వ లేదు. ఇప్పుడు వినండి. నేను కూడా మా పాపకి ఈ వేషం వేయించను. మీవాడు సాయంత్రం జాకెట్ విప్పేస్తే అయిపోతుంది. మా పాప వేసుకుంటే ‘మీ ఇంట్లో పనే కదా’ అనే నోళ్ళున్నాయి. టీచర్ గారూ, మీ ఆట బాగుంది. కానీ ఆ ఆటలోకి అందరు పిల్లలూ ఒకే చోటినుంచి రారు.

ఆటల_టీచర్: ఇది నేను ఆలోచించలేదు.

మారతహళ్ళి_అమ్మ: నేనడిగింది వేషం గురించి. మధ్యలో కులం ఎందుకు తెచ్చారు? నన్ను చెడ్డదాన్ని చేస్తున్నారు.

మదనపల్లె_మనవరాలు: నేను తేలేదు. తాతయ్యవాళ్ళు ఫోటో చూస్తారని మీరే రాశారు. చూస్తే ఏమంటారు? ఆ ఒక్కటి రాయండి.

కేఆర్‌పురం_తాత: వాళ్ళని హెల్పర్లనకుండా కార్మికులంటే ఈ గొడవే ఉండేది కాదు.

హెచ్ఎస్ఆర్_సునంద: తాతగారూ, కాసేపు ఆగండి.

మారతహళ్ళి_అమ్మ: (మర్నాడు) వేషాలు మార్చరట. రాత్రి మామగారికి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘పోలీసు ఎవరికొచ్చింది?’ అన్నారు. చెప్పాను. ‘వాళ్ళేమిట్లు?’ అని అడిగారు.