అప్‌డేట్: ఊనో నుంచి నెక్స్‌టియాన్ తెరకు అంకెలు చేరని సమస్య తీరింది

ఆర్డుయినో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) పంపే ఉష్ణోగ్రత నెక్స్‌టియాన్ తెరపై (సీరియల్ తీగల ద్వారా ఆదేశాలు అందుకునే డిస్‌ప్లే) మారకుండా '--' గానే ఉంటోందని నేను అడిగిన ప్రశ్నకు సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. బాడ్ రేటు (సీరియల్ తీగపై సమాచారం పంపే వేగం; రెండు వైపులా ఒకటే ఉండాలి) చూడమన్న సలహాతోనే దారి దొరికింది.

పాత ప్రాజెక్టు కోసం 'బాడ్స్' ఆదేశంతో తెరను నేనే 115200కు మార్చాను. ఆ అమరిక కరెంటు తీసినా చెరిగిపోదు కాబట్టి, 9600 వద్ద ఊనో పంపినదేదీ తెరకు అర్థం కాలేదు. ఊనోలో సాఫ్ట్‌వేర్‌సీరియల్ (మామూలు పిన్నులతో సీరియల్ సమాచారం పంపే లైబ్రరీ) 115200 వద్ద నమ్మకంగా పనిచేయదు కనుక, తెరను యూఎస్‌బీ అడాప్టరుతో కంప్యూటరుకు కలిపి, తిరిగి 9600కు మార్చాను. వెంటనే '--' ఉన్నచోట '28.5' కనిపించింది.

ప్రతి ఆదేశం చివర 255 విలువగల మూడు బైట్లు తప్పనిసరి. నా కోడులో అవి ముందే ఉన్నాయి. గ్రౌండ్ తీగకు, 5 వోల్టుల సరఫరాకు ఈ సమస్యతో సంబంధం లేదని తేలింది.