లాంగ్ రేంజ్‌కి పూర్తి రాగి బుల్లెట్లు: .308లో ఏ బరువు తీసుకోవాలి?

కంచరపాలెం_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, కంచరపాలెం. ఆరేళ్లుగా కాలిఫోర్నియాలో ఫ్రెస్నో దగ్గర ఉంటున్నాను, గ్రీన్ కార్డ్ ఉంది. ఇప్పుడు నెల రోజుల సెలవు మీద ఇంటికొచ్చాను. తిరిగి వెళ్లగానే అక్కడ జింకల సీజన్. పోయినేడాది స్నేహితుడి వెంట ఊరికే వెళ్లాను, ఈసారి లైసెన్సు నా పేరు మీదే ఉంది కాబట్టి అన్నీ నేనే చూసుకోవాలి.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత .308 (బుల్లెట్ వ్యాసం 0.308 అంగుళం) బోల్ట్ యాక్షన్ రైఫిల్. బ్యారెల్ ట్విస్ట్ 1:12, అంటే బుల్లెట్ 12 అంగుళాలు నడిస్తే ఒక చుట్టు తిరుగుతుంది. ఇన్నాళ్లూ రేంజిలో 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) సీసం మ్యాచ్ బుల్లెట్లే, అంటే టార్గెట్ పోటీల రకమే కాల్చాను, 600 గజాల దాకా చక్కగా పడేవి. కానీ కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని బుల్లెట్లే వాడాలి. అలవాటైన బరువే కదా అని 168 గ్రెయిన్లలోనే పూర్తి రాగివి రెండు పెట్టెలు కొని కాల్చి చూస్తే 100 గజాల్లో నాలుగంగుళాల గ్రూప్ (రంధ్రాలు చెదిరిన వెడల్పు) వచ్చింది. సీసంతో అంగుళం లోపే వచ్చేది. కాగితం మీద రెండు రంధ్రాలైతే గుండ్రంగా కూడా లేవు, కాస్త కోలగా ఉన్నాయి.

తేడా రైఫిల్‌లో ఉందా, నాలో ఉందా, బుల్లెట్‌లో ఉందా? వేటకీ, టార్గెట్‌కీ ఒకే బుల్లెట్ పెట్టుకోవచ్చా? 500 గజాల్లో జింకని కొట్టడానికి రాగి సరిపోతుందా? మా నాన్న షిప్‌యార్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, "రాగి కూడా మెత్తనిదే కదరా, బరువు ఒకటే అయినప్పుడు తేడా ఎందుకొస్తుంది" అంటున్నారు. ఆయనకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

గాజువాక_లేత్:

తమ్ముడూ, నేను తుపాకీ ఎప్పుడూ పట్టుకోలేదు. ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా లేత్ మీద పని. మీ నాన్నగారి ప్రశ్నకి మాత్రం నేను జవాబు చెప్పగలను. మెత్తదనం సంగతి పక్కన పెట్టి సాంద్రత చూడమనండి. సీసం ఘన సెంటీమీటరుకి 11.34 గ్రాములు, రాగి 8.96 గ్రాములు. వ్యాసం మారకూడదు, ఎందుకంటే బ్యారెల్ అదే. బరువు కూడా అదే కావాలంటున్నావు. ఇక మిగిలింది పొడవు ఒక్కటే, అదే పెరుగుతుంది. నీ రాగి బుల్లెట్ ఒకటి, సీసం బుల్లెట్ ఒకటి పక్కపక్కన నిలబెట్టి వెర్నియర్‌తో కొలువు, నీకే తెలుస్తుంది.

ఇంకొక్క మాట. స్వచ్ఛమైన రాగి టూల్‌కి అంటుకుంటుంది, చిప్ తెగదు, తీగలా సాగుతూనే ఉంటుంది. బ్యారెల్ లోపలి గాళ్లకి కూడా అలాగే పూత పడుతుందేమో, అది మాత్రం తెలిసినవాళ్లు చెప్పాలి.

ఎండాడ_ఆర్మరర్:

లేత్ మాస్టారు అసలు విషయం పట్టుకున్నారు. నేను సర్వీసులో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు టార్గెట్ షూటింగ్ పిల్లలకి సాయం చేస్తుంటాను.

బొంగరం సంగతి తెలుసు కదా బాబూ. పొట్టిగా లావుగా ఉన్నది మెల్లగా తిరిగినా నిలబడుతుంది, సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని గట్టిగా తిప్పకపోతే తల ఊపుతుంది. బుల్లెట్‌కి ఆ తిప్పు ఇచ్చేది ట్విస్ట్. సరిపోతుందో లేదో చూడటానికి మిల్లర్ ఫార్ములా అని ఒకటుంది, నేను కాగితం మీద వేశాను. నీ సీసం 168 గ్రెయిన్ల బుల్లెట్ పొడవు సుమారు 1.2 అంగుళాలు అనుకుంటే 1:12లో స్థిరత్వం అంకె 1.7 పైనే వస్తుంది. అదే బరువు రాగి బుల్లెట్ 1.4 అంగుళాలు ఉందనుకుంటే అంకె 1.15 దగ్గరికి పడిపోతుంది. 1.4 గానీ 1.5 గానీ ఉంటే నిశ్చింత. 1 దాటితే బుల్లెట్ తలకిందులు కాదు కానీ ఊగుతుంది, నీ కోల రంధ్రాలకి కారణం చాలావరకు ఇదే. 1:10 బ్యారెల్ అయితే ఇదే బుల్లెట్ 1.6 దాటేది. అంటే రైఫిల్ మంచిదే, నువ్వూ బాగానే కాలుస్తున్నావు, జత కుదరలేదు అంతే. నీ బ్యారెల్‌కి 130 గ్రెయిన్లు తీసుకో, పొడవు 1.2 అంగుళాల దగ్గర ఉంటే అంకె మళ్లీ 1.4 చేరుతుంది. పెట్టె మీద గానీ కంపెనీ పట్టికలో గానీ ఎంత ట్విస్ట్ కావాలో రాస్తారు, బరువు కన్నా ముందు అది చూడు.

రెండోది, లేత్ మాస్టారి అనుమానం నిజమే, పూత పడుతుంది. సీసం బుల్లెట్ల మీద ఉండే తొడుగు రాగి, జింకు కలిసిన లోహం. దాని పూత మీద స్వచ్ఛమైన రాగి కాలిస్తే గ్రూప్ మరీ చెడుతుంది. మార్చే ముందు రాగిని కరిగించే సాల్వెంట్‌తో ప్యాచ్ (తుడిచే గుడ్డముక్క) మీద నీలం రంగు రావడం ఆగేదాకా శుభ్రం చెయ్. ఓపిక కావాలి, నాకైతే ఒక్కోసారి రెండు రోజులు పట్టేది.

తూటాలు నువ్వే నింపుకుంటావేమో రాయలేదు. నింపుకుంటే మాత్రం సీసం బుల్లెట్‌కి వాడిన తుపాకీ మందు కొలత రాగికి ఎప్పుడూ వాడకు. రాగి గట్టిది, పైగా పొడుగ్గా ఉండి తూటా గొట్టంలో చోటు ఆక్రమిస్తుంది, ప్రెషర్ పెరిగిపోతుంది. ఆ బుల్లెట్ చేసినవాళ్ల పట్టికలో అతి తక్కువ కొలత నుంచి మొదలుపెట్టు. బుల్లెట్‌ని రైఫ్లింగ్‌కి (బ్యారెల్ లోపలి గాళ్లకి) ఆనించి కూడా పెట్టకు, రాగి బుల్లెట్లు చేసే బార్న్స్ కంపెనీ వాళ్లు 0.050 అంగుళం ఖాళీతో మొదలుపెట్టమంటారు.

డెన్వర్_సిక్కోలు:

ఎండాడ మాస్టారు చెప్పింది టార్గెట్ వరకు. వేట లెక్క వేరు, అది నేను చెబుతాను. మాది సిక్కోలు, కొలరాడోలో పదకొండేళ్లుగా వేటకి వెళ్తున్నాను, అందులో ఎనిమిదేళ్లు రాగితోనే.

సీసం బుల్లెట్ నెమ్మదిగా తగిలినా విచ్చుకుంటుంది. రాగి బుల్లెట్ ముక్కులో ఉన్న గుంత తెరుచుకుని రేకులు పువ్వులా వెనక్కి మడుచుకోవాలంటే వేగం ఉండాలి. మామూలు రాగి బుల్లెట్లకి తగిలే చోట సెకనుకు 1,800 అడుగులు నేను కనీసంగా పెట్టుకుంటాను. లాంగ్ రేంజ్ కోసమే చేసినవి (బార్న్స్‌లో ఎల్‌ఆర్‌ఎక్స్ లాంటివి) ఇంకొంచెం తక్కువలోనూ తెరుచుకుంటాయి. నీ .308లో 130 గ్రెయిన్లది సెకనుకు 3,000 అడుగులతో బయటికొచ్చినా, 400 గజాల దగ్గర దాదాపు 2,000కి, 500 దగ్గర 1,800కి దిగిపోతుంది. అంటే 500 గజాల్లో నువ్వు సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. చలికి మందు కొంచెం నెమ్మదిగా కాలినా, నీ బ్యారెల్ పొట్టిదైనా, ఆ అంచు కూడా దాటిపోతావు. రేకు విచ్చుకోని రాగి బుల్లెట్ సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది, జింక మైళ్లు పరిగెత్తి ఎక్కడో పడి బాధపడి చస్తుంది. నా మొదటి ఏడాది అలా ఒకటి జరిగింది. 460 గజాలు, రెండు గంటలు వెతికాం, చీకటి పడింది, దొరకలేదు. ఇప్పటికీ ఆ కొండ వైపు వెళ్తే గుర్తొస్తుంది. అప్పటి నుంచి 350 గజాలు దాటితే వేలు ట్రిగ్గర్ మీద పెట్టను. నువ్వూ మొదటి ఏడాది 300 దగ్గరే ఆగు, దయచేసి.

భుజం వెనక ఊపిరితిత్తులుండే మెత్తటి చోటు కాకుండా కొంచెం ముందుకి, భుజం ఎముక దగ్గర కొట్టు. రాగి ముక్కలవ్వదు, బరువు దాదాపు మొత్తం నిలుపుకుంటుంది, ఎముకని దాటుకుని పోతుంది. దాని బలమే అది. తేలికైన బుల్లెట్, ఎక్కువ వేగం అన్నది రాగికి బాగా కలిసొచ్చే జత. కాబట్టి 130కి దిగడం నీకు నష్టమేమీ కాదు.

ఒకే బుల్లెట్ సంగతి: రేంజిలో సీసం వాడటానికి నీకు చట్టం అడ్డు కాదు, ధర కూడా తక్కువ. సాధన దాంతో చెయ్, కానీ సీజన్‌కి ముందు రాగితో కనీసం ఒక పెట్టె కాల్చి స్కోప్ మళ్లీ సరిచేసుకో, రెండూ ఒక చోట పడవు. వేటకి వెళ్లేటప్పుడు బ్యాగులో, జేబులో సీసం తూటా ఒక్కటి కూడా ఉండకూడదు, వాడకపోయినా దగ్గర ఉంటే తప్పే. ఇంకొకటి, ఎండు గడ్డి ఉన్న చోట రాగి బుల్లెట్‌తో ఉక్కు ప్లేట్లని కొట్టకు. ముక్కలు నిప్పంటించేంత వేడెక్కుతాయని అమెరికా అటవీ శాఖ పరిశోధకులు 2013లోనే ప్రయోగం చేసి చూపించారు. ఫ్రెస్నో ఎండల సంగతి నీకు తెలుసు.

సీసం ఎందుకు ఆపారో కూడా నాన్నగారికి చెప్పు. సీసం బుల్లెట్ తగిలాక చిన్న చిన్న పొడిలా విడిపోతుంది, వేటగాళ్లు వదిలేసిన పేగుల్లో అది ఉండిపోతే కాండర్ అనే పెద్ద రాబందులు తిని చచ్చిపోయేవి. 1982 నాటికి ప్రపంచం మొత్తంలో 22 మిగిలాయి. మన దగ్గర ఒకప్పుడు పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు రాబందుల్ని ఊడ్చేసినట్టు, అక్కడ ఈ సీసం కూడా ఒక పెద్ద కారణం.

ఎండాడ_ఆర్మరర్:

ఒకటి మర్చిపోయాను. బాబూ, తిరుగు ప్రయాణానికి ముందే కాదు, వచ్చే ఏడాది మళ్లీ ఇంటికొచ్చేటప్పుడు కూడా ప్రతి బ్యాగూ, ప్రతి జాకెట్ జేబూ బోర్లించి చూసుకో. వేటకి వాడిన బ్యాగునే ప్రయాణానికి తెచ్చుకుని, అడుగున మరిచిపోయిన ఒక్క తూటాతో ఎయిర్‌పోర్టులో కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. నాన్నకి చూపిద్దామని ఉత్త బుల్లెట్ ముక్క తెచ్చినా ఆయుధాల చట్టం, 1959లో అమ్యూనిషన్ భాగాలు కూడా అమ్యూనిషన్ కిందికే వస్తాయి. వాటిని ఫోటోలో చూపించు.

అరకు_రోడ్డు:

ఇది చదివే మన జిల్లా కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. ఇక్కడ చెప్పిన వేట అంతా అమెరికాలో లైసెన్సుతో చేసేది. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. కంబాలకొండ అయినా, ఏజెన్సీ అడవి అయినా అంతే. గురి మీద నిజంగా ఇష్టం ఉంటే క్లబ్బులో చేరి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది దాంట్లోనే.

కంచరపాలెం_కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో మిగిలిన కాగితం మీద నాన్న సీసం, రాగి సాంద్రతల లెక్క తనే వేసి, పొడవు పావు వంతుకి పైగా పెరుగుతుందని తేల్చారు. మ్యాచ్ బుల్లెట్ మీద పల్చటి రాగి తొడుగు, ముక్కులో ఖాళీ ఉంటాయి కాబట్టి అసలు తేడా అంత ఉండదని మళ్లీ ఆయనే సరిదిద్దారు. ఇప్పుడు ఆయనకి వెర్నియర్‌తో కొలిచిన అంకెలు కావాలట. ఫ్రెస్నో వెళ్లాక కొలిచి ఇక్కడ పెడతాను.

బ్యారెల్ శుభ్రం చేసి, 130 గ్రెయిన్లలో రెండు రకాలు తీసుకుని ఏది బాగా పడితే దాంతో వెళ్తాను. డెన్వర్ అన్నా, 300 గజాల మాట నేను ఉంచుకుంటాను. ఒక్క ప్రశ్న మిగిలింది: మిగిలిపోయిన ఆ 168 రాగి పెట్టె స్నేహితుడి 1:10 బ్యారెల్‌కి ఇస్తే పనికొస్తుంది కదా?

ఎండాడ_ఆర్మరర్:

పనికొస్తుంది. ముందు అతని బ్యారెల్ కూడా శుభ్రం చేయించు.