స్కూల్ పన్ను పెంపు: హియరింగ్‌లో సరే అందామా, వద్దందామా?

మిడిల్‌సెక్స్ నివాసి:
మాది న్యూజెర్సీ, మిడిల్‌సెక్స్ కౌంటీ. మా స్కూల్ డిస్ట్రిక్ట్ వచ్చే ఏడాదికి పన్ను వసూలు 4 శాతం పెంచుతానంటోంది. 2010 చట్టం ప్రకారం ఏడాదికి 2 శాతం మించకూడదు కదా అంటే, హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చుకీ, పిల్లల సంఖ్య పెరిగినందుకూ మినహాయింపు ఉందంటున్నారు. గత మూడేళ్లలో వాడుకోకుండా మిగిల్చిన పెంపును కూడా ఇప్పుడు తీసి వాడుకుంటారట.

నేను వద్దనే అంటాను. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు తీసి చూడండి. కౌంటీ, మున్సిపాలిటీ, స్కూల్ అని విడివిడిగా ఉంటుంది. సగానికి పైగా స్కూల్‌కే పోతోంది. మా ఇంట్లో ఒక్క జీతమే. పన్ను పెరిగిన ప్రతిసారీ ఎస్క్రో (పన్ను కోసం బ్యాంకు మన కిస్తీలోంచి పక్కన పెట్టే డబ్బు) చాలలేదని బ్యాంకు నుంచి ఉత్తరం వస్తుంది, నెల కిస్తీ పెరుగుతుంది. ఇంత పెంచుతూ కూడా కర్టెసీ బస్సులు (తప్పనిసరి కాకపోయినా దగ్గర్లో ఉన్న పిల్లలకి నడిపేవి) తీసేస్తామంటున్నారు, క్లాసులో టీచర్‌కి సాయంగా ఉండే పారా ఉద్యోగాలు తగ్గిస్తామంటున్నారు. మరి డబ్బంతా ఎక్కడికి పోతోంది? వచ్చే వారం బడ్జెట్ మీద జనం మాట వినే పబ్లిక్ హియరింగ్‌లో నేను అడగబోయేది ఇదే.

లెక్కలు చూద్దాం:
ఎక్కడికి పోతోందో బడ్జెట్‌లోనే ఉందండీ. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అందరికీ అర్థమయ్యేలా క్లుప్తంగా పెట్టాలని చట్టం. అందులో ఉద్యోగుల బెనిఫిట్స్ ఎంత పెరిగాయో చూడండి. స్కూల్ ఉద్యోగుల రాష్ట్ర ఇన్సూరెన్స్ పథకంలో ప్రీమియంలు ఈ మధ్య రెండంకెల శాతాల్లో పెరిగాయి. దాని ముందు 2 శాతం ఏ మూలకీ రాదు.

రెండోది స్టేట్ ఎయిడ్, అంటే రాష్ట్రం స్కూళ్లకి ఇచ్చే డబ్బు. 2018లో వచ్చిన ఎస్2 చట్టం ఎయిడ్ లెక్కను మార్చింది. కొన్ని ఊళ్లకు పెరిగింది, కొన్నిటికి ఏటేటా కోత పడింది. ఆ కోత తట్టుకోలేకపోతున్నారనే, 2024లో ఎయిడ్ పోగొట్టుకున్న డిస్ట్రిక్ట్‌లు పన్ను 9.9 శాతం దాకా పెంచుకోవచ్చని ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. మూడోది కోవిడ్ డబ్బు. 2021లో కేంద్రం ఇచ్చిన సాయాన్ని 2024 సెప్టెంబర్ 30లోగా కేటాయించేసుకోవాలి. దాంతో పెట్టుకున్న కౌన్సెలర్లు, ట్యూటర్ల జీతం ఇప్పుడు మన మీద పడింది.

స్కూల్ పన్ను 7,000 డాలర్లు కట్టే ఇంటికి 4 శాతం అంటే ఏడాదికి సుమారు 280 డాలర్లు. స్కూల్ పాడైతే ఇంటి ధరలో పోయేది దీనికి ఎన్నో రెట్లు. నేను ఈ పెంపుకి సరే అంటాను.

గోదారి గట్టు:
280 అని తేలిగ్గా తీసేయకండి. ఈ ఏడు పెంచింది వచ్చే ఏడు తగ్గదు, దాని మీదే మళ్లీ పెంచుతారు. ఏటా 4 శాతం చొప్పున అయితే 7,000 పదేళ్లలో 10,360 దాటుతుంది. 2 శాతమైతే 8,530 దగ్గర ఆగుతుంది. మా పిల్లల చదువులు ఎప్పుడో అయిపోయాయి. రిటైరయ్యాక నాకొచ్చేది ఏటా 4 శాతం పెరగడం లేదు.

65 దాటినవాళ్లకి పెరిగిన పన్ను తిరిగిచ్చే సీనియర్ ఫ్రీజ్ ఉందిగా అంటారు. ఉంది, కానీ దానికి ఆదాయ పరిమితి, ఇన్నేళ్లుగా ఇక్కడే ఉండాలన్న షరతు ఉన్నాయి. అదీకాక ముందు మనం కట్టాలి, వాళ్లు తర్వాత ఇస్తారు. మా పిల్లలు చదువుకునేటప్పుడు ఈ ఊళ్లో పెద్దవాళ్లే కట్టారు, అది మర్చిపోలేదు. నా బాధల్లా పరిమితి అని ఒకటి పెట్టాక దానికి ఇన్ని కన్నాలేమిటని.

పారా టీచరమ్మ:
బాబాయ్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ కోత పడబోయేది నాలాంటివాళ్ల మీద, కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పాలి.

నేను కిండర్‌గార్టెన్‌లో పారాగా పనిచేస్తున్నాను. ఐఈపీలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి రాసిచ్చే చదువు ప్రణాళిక) రాసిన సాయాన్ని చట్టప్రకారం తీసేయకూడదు. అందుకని కత్తెర ఎప్పుడూ ఐఈపీ లేని పిల్లల దగ్గరే పడుతుంది. మొన్న సెప్టెంబర్‌లో గుంటూరు నుంచి ఒక పిల్లాడు వచ్చాడు. ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు. లంచ్ లైన్‌లో పిన్ నంబర్ కొట్టాలి. వాడికి తెలియక ట్రే పట్టుకుని అలాగే నిలబడేవాడు, వెనకాల పిల్లలు తోసేవాళ్లు. బాత్‌రూమ్‌కి వెళ్లాలని అడగడం రాక బట్టలు తడుపుకున్నాడు కూడా. నేను పక్కన నిలబడి తెలుగులో చెప్తూ ఒక్కో అంకె నొక్కించేదాన్ని. డిసెంబర్‌కల్లా వాడే వేరే పిల్లలకి చూపించడం మొదలుపెట్టాడు. ఇరవైమంది పిల్లలతో ఒక్క టీచర్ ఇదంతా చేయలేరు. వాడికి ఐఈపీ లేదు. అంటే తీసేసే పోస్టు వాడి పక్కన నిలబడే మనిషిదే.

బస్సు సంగతీ అంతే. ఎనిమిదో తరగతి దాకా రెండు మైళ్లు, హైస్కూల్‌కి రెండున్నర మైళ్లు దాటితేనే బస్సు తప్పనిసరి. అంతకు లోపు ఉన్నవాళ్లకి ఇచ్చేది కర్టెసీ. అది తీసేస్తే ఇంట్లో రెండో కారు లేనివాళ్లు, పొద్దున్నే షిఫ్టుకి వెళ్లేవాళ్లు ఏం చేస్తారు? ఆరేళ్ల పిల్ల మంచులో మైలున్నర నడవాలా?

ఎదురుచూపులు:
టీచరమ్మ గారూ, థ్యాంక్స్. నా పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్. నేనింకా గ్రీన్‌కార్డ్ లైన్లో ఉన్నాను. మన దగ్గర ఇలాంటివాళ్లు చాలామంది. ఇల్లు కొన్నాం, అందరిలాగే పన్ను కడుతున్నాం, కానీ స్కూల్ బోర్డ్ ఎన్నికలో ఓటు లేదు. 2012 నుంచి ఎన్నికను నవంబర్‌కి మార్చుకున్న డిస్ట్రిక్ట్‌లలో, బడ్జెట్ పరిమితి లోపల ఉంటే దాని మీద ప్రజల ఓటే లేదు. హియరింగ్‌లో మైక్ ముందు మాట్లాడటానికి మాత్రం పౌరసత్వం అడగరు. మనం వెళ్లకపోతే, వచ్చిన పది మంది మాటే ఊరి మాట అవుతుంది.

లెక్కలు చూద్దాం:
గోదారి గట్టు గారు అడిగిన కన్నాల్లో అసలు పెద్దది స్కూల్ బోర్డ్‌ది కాదు, టౌన్‌షిప్ కౌన్సిల్‌ది. పైలట్ (PILOT, పన్నుకు బదులు చెల్లింపు) ఒప్పందాలు. కొత్త అపార్ట్‌మెంట్లకి, గోడౌన్లకి ముప్పై ఏళ్ల దాకా మామూలు పన్ను బదులు వేరే మొత్తం కట్టించుకుంటారు. అందులో 95 శాతం టౌన్‌షిప్ ఉంచుకుంటుంది, 5 శాతం కౌంటీకి ఇస్తుంది. స్కూల్‌కి ఇవ్వాలన్న నిబంధన లేదు. స్కూల్ తన మొత్తం వసూలు చేసుకుంటుంది కాబట్టి దానికి నేరుగా లోటు కనబడదు. ఆ కొత్త బిల్డింగ్ వాటా మిగతా ఇళ్ల మీద పడుతుంది. అందులో ఉండే పిల్లలు మాత్రం మన స్కూళ్లకే వస్తారు. గోదారి గట్టు గారి బిల్లు పెరగడానికి పారా జీతం కన్నా ఇది పెద్ద కారణం అని నా నమ్మకం.

మిడిల్‌సెక్స్ నివాసి:
ఇది నాకు కొత్త విషయం. అయితే బోర్డుని తిట్టి ఇంటికొచ్చేస్తే లాభం లేదన్నమాట. అయినా 4 శాతానికి నేను ఒప్పుకోను. బస్సులూ పారాలూ ఉంచి, ఇన్సూరెన్స్ విషయంలో రాష్ట్ర పథకం వదిలి వేరే ప్లాన్ చూశారా, చూస్తే ఎంతకి వచ్చిందో చెప్పమని అడుగుతాను. ఆ జవాబు వచ్చేదాకా నాది నో.

గోదారి గట్టు:
రిజర్వు కూడా అడగండి. మిగులు సాధారణంగా బడ్జెట్‌లో 2 శాతం మించి దాచుకోకూడదు, ఎంత ఉందో చెప్పమనండి. పారా పోస్టులకు నేను అడ్డు కాదమ్మా, వాటిని నిలబెట్టమనే చెప్తాను.

ఎదురుచూపులు:
కౌన్సిల్ అజెండాలో ఈ నెలలోనే ఒక గోడౌన్ పైలట్ ఆర్డినెన్స్ (టౌన్‌షిప్ చేసే చట్టం) సెకండ్ రీడింగ్, అంటే తుది ఓటుకి ముందు రెండోసారి చర్చ, ఉంది. సెకండ్ రీడింగ్‌కి పబ్లిక్ హియరింగ్ తప్పనిసరి. నేను రెండు చోట్లకీ వస్తున్నాను. బోర్డ్ మీటింగ్‌కి కారులో ముగ్గురికి చోటుంది, టీచరమ్మ గారు మాట్లాడతానంటే ఇంటి దగ్గరే ఎక్కించుకుంటాను.

పారా టీచరమ్మ:
ఉద్యోగినిగా కాదు, పన్ను కట్టే మనిషిగా మాట్లాడతాను. ఆరున్నరకి రండి.