240కి కొన్న చిన్న షేరు 150కి పడింది: ఉంచాలా, అమ్మాలా?

కావలి కుర్రాడు:
అందరికీ నమస్తే. 2024 జూలైలో ఒక చిన్న కంపెనీ షేర్లు 300 కొన్నాను, ఒక్కోటి 240కి. రొయ్యలు శుద్ధి చేసి అమెరికాకు పంపే కంపెనీ. పేరు చెప్పను, చెప్తే గొడవంతా దాని చుట్టూ తిరుగుతుంది. 410 దాకా వెళ్లింది, ఆశపడి అమ్మలేదు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతం చేశాక జారి జారి 150కి వచ్చింది. రాత్రి అన్నం దగ్గర కూర్చుంటే చాలు, మా నాన్న "ఎంతుంది రా ఇవాళ" అంటాడు. ఇంకో 300 కొని యావరేజ్ చెయ్యాలా, ఉంచాలా, అమ్మాలా?

పెన్నా గట్టు:
ఉంచు తమ్ముడూ. 2018 జనవరి నుంచి 2020 మార్చి దాకా నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100, అదే చిన్న కంపెనీల సూచీ, మూడింట రెండు వంతులు పోయింది. ఆ మార్చిలో భయపడి అమ్ముకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. 2021లో పాత గరిష్ఠాన్ని దాటేసింది, నేను ఒడ్డున నిలబడి చూశాను. డబ్బులుంటే 150లో ఇంకో 300 వేసుకో. సగటు 195కి దిగుతుంది, 30 శాతం పెరిగితే బయటపడతావు. ఇప్పుడైతే 60 శాతం పెరగాలి.

దర్గామిట్ట అక్క:
గట్టు అన్నా, లేచింది సూచీ. అందులోని కంపెనీలను ఏడాదికి రెండుసార్లు సరిచూసి, చిక్కిపోయినవాటిని తీసేసి ఎదిగినవాటిని వేస్తారు. తమ్ముడి ఖాతాలో షేరును ఎవరు మారుస్తారు? పైగా మార్కెట్‌ను నియంత్రించే సెబీ లెక్కలో మార్కెట్ విలువ ప్రకారం 251వ స్థానం నుంచి కిందవన్నీ స్మాల్‌క్యాపే. 260లో ఉన్నదీ, 2,000లో ఉన్నదీ ఒకటేనా? సగటు తగ్గుతుంది, కాదనను. కానీ ఒకే కంపెనీలో 72 వేలు పెట్టినవాడు లక్షా 17 వేలు పెట్టినవాడవుతాడు. నీ దగ్గర ఇది ఒక్కటీ లేదనుకో తమ్ముడూ, ఇవాళ కొత్తగా కొంటావా?

కొండపి బ్యారన్:
మీరిద్దరూ ధర దగ్గరే ఆగిపోయారు. కొనేవాడు ఉన్నాడా అన్నది ముందు. పొగాకు వేలంలో బేళ్లు వరసగా పెట్టి ఉంటాయి. మన బేలు దగ్గరికి వస్తారు, ఆకు లాగి చూస్తారు, వాసన చూస్తారు, ఒక్కరూ ధర చెప్పరు. నోబిడ్. మళ్లీ బండెక్కించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. ఆ రోజు పేపర్లో కిలో ఎంతని రాస్తే నాకేంది?

చిన్న షేర్లదీ అంతే. నా దగ్గర ఒకటుండేది, దానికి 5 శాతం సర్క్యూట్, అంటే రోజుకు అంతకు మించి పెరగనివ్వరు, పడనివ్వరు. చెడు కబురు వచ్చిన మర్నాడు 9:15కే అమ్మకానికి పెట్టా. అమ్మేవైపు లక్షల షేర్లు, కొనేవైపు సున్నా. మర్నాడూ సున్నానే. ఎనిమిదో రోజు నా వంతు వచ్చింది. అలా పది రోజులు కిందికి లాక్ అయితే వంద రూపాయలది అరవై అవుతుంది, మధ్యలో మన చేతిలో ఏమీ ఉండదు. నీ షేరుకు ఇవాళ కొనేవాళ్లున్నారు. సగం అమ్మెయ్.

పెన్నా గట్టు:
నోబిడ్ అయిన బేలు తర్వాత మంచి ధరకు పోలేదా ఎప్పుడూ?

కొండపి బ్యారన్:
పోయింది. రంగు మారి ఇంకా తగ్గినవే ఎక్కువ.

మైపాడు చెరువు:
సగం సగం అనేది టెన్షన్ తగ్గడానికే పనికొస్తుంది. గట్టు మీద నిలబడి నీళ్లు చూసి రొయ్య సంగతి చెప్పగలమా? నీళ్లలో మేత వేసి దించిన చెక్ ట్రే ఎత్తుతాం. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, చూస్తాం. వైట్ స్పాట్ రోగం అయితే, రొయ్య ఇంకా చిన్నదై కిలోకి వంద కౌంట్ ఉన్నా రాత్రికి రాత్రే పట్టేస్తాం. ఒక పూట మేత తగ్గిందంతే అయితే ఆగుతాం.

నీ కంపెనీకీ ట్రే ఉంది. అమ్మకాల్లో అమెరికా వాటా ఎంత, సరుకును వేరే దేశాలకు మళ్లించగలుగుతున్నారా, అమ్మకాల కంటే రావలసిన బాకీలు వేగంగా పెరుగుతున్నాయా. ముఖ్యంగా ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపే యజమానులు, తమ షేర్లు తాకట్టు పెట్టి అప్పు తెచ్చారా. మూడు నెలలకోసారి, ఆ మూడు నెలలు ముగిసిన 21 రోజుల్లో ఆ వివరాలు బయటపెట్టాల్సిందే. నా లెక్కలో సుంకం అంటే మేత తగ్గడం. తాకట్టు పెరగడం వైట్ స్పాట్. (సుంకం దెబ్బ ముందు తగిలింది చెరువు రైతుకే. అమ్మేసి బయటపడటానికి మాకు బటన్ కూడా లేదు.)

దర్గామిట్ట అక్క:
అమ్మేటట్టయితే ఒక మాట. కొని ఏడాది దాటింది కాబట్టి పన్ను లెక్కలో అది దీర్ఘకాలిక నష్టం. దీర్ఘకాలిక లాభాల్లోంచే తీసెయ్యాలి. ఆదాయపు పన్ను రిటర్న్ గడువులోపల వేస్తే మిగిలింది 8 ఏళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు.

కావలి కుర్రాడు:
ట్రే ఎత్తాను అన్నా. బాకీలు మామూలుగానే ఉన్నాయి. తాకట్టు మార్చిలో సున్నా, జూన్‌లో 4 శాతం, సెప్టెంబర్‌లో 19. ఆ పేజీ ఇన్నాళ్లూ తెరవనే లేదు. రేపు మొత్తం 300 అమ్మకానికి పెట్టేస్తున్నా. నాన్నకు అమ్ముడయ్యాక చెప్తా.

పెన్నా గట్టు:
19 అంటే నేనైనా అమ్ముతాను. యావరేజ్ విషయంలో మాత్రం నా మాట నాదే, తాకట్టు లేని కంపెనీ అయితే.

కొండపి బ్యారన్:
ఎంత వస్తే అంతకు అమ్మే మార్కెట్ ఆర్డర్ పెట్టకు, ఇంతకు తగ్గితే అమ్మనని లిమిట్ పెట్టు. కొనేవాళ్లు పల్చగా ఉన్న షేర్లలో తెర మీద 150 కనిపిస్తుంది, 143కి తెగుతుంది.