షిమ్ షామ్ ఫ్రాంకీ నేర్పినట్టే వేయాలా, మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చా?

సియాటిల్_గోదారి:
అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఆరేళ్ళుగా లిండీ హాప్ నేర్చుకుంటున్నాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, 1920ల చివర్లో న్యూయార్క్‌లోని హార్లెంలో నల్లజాతి కుర్రకారు పుట్టించిన జంట నృత్యం ఇది. స్వింగ్ అనే జాజ్ సంగీతం వాయించే బ్యాండ్ల పాటలకు వేస్తారు. మే 26 ఈ డాన్సుకు పెద్ద దిక్కైన ఫ్రాంకీ మ్యానింగ్ పుట్టినరోజు. 1914లో పుట్టారు, 2009లో పోయారు. ఏటా ఆ రోజున ఎక్కడెక్కడి లిండీ డాన్సర్లూ ఆయన్ని తలుచుకుని ఆడతారు.

ఈసారి మా గ్రూపు షిమ్ షామ్ వేద్దామనుకుంది. అందరూ వరసల్లో నిలబడి, ఎవరికి వారు ఒకే స్టెప్పులు వేసే డాన్సు అది. మా కుర్రాళ్ళు కొందరు చివర్లో వెనక్కి జరుగుతూ వేసే బూగీ బ్యాక్ స్టెప్పులు తీసేసి కొంచెం హిప్‌హాప్ కలుపుదామన్నారు. మా టీచరు ఒప్పుకోలేదు. ఆవిడ ఫ్రాంకీ క్లాసుల్లో నేరుగా నేర్చుకున్న మనిషి. మాటా మాటా పెరిగింది. హిప్‌హాప్ కలుపుదామన్నవాళ్ళలో చాలా బాగా ఆడే ఒక అమ్మాయి ప్రాక్టీసుకు రావడమే మానేసింది. నాకు రెండు వారాలుగా మనసు బాగోలేదు. టీచరు బాధా అర్థమవుతోంది, ఆ అమ్మాయి ఉత్సాహమూ అర్థమవుతోంది. మీరేమంటారు?

అడుగుజాడ:
టీచరు గారిదే న్యాయం అంటాను. ఈ డాన్సు మన చేతికి ఎంత కష్టం మీద వచ్చిందో చూడండి. ఇది పెరిగింది హార్లెంలో లెనాక్స్ అవెన్యూ మీది సవాయ్ బాల్‌రూం అనే డాన్సు హాల్లో. 1926లో తెరిచారు, 1958లో మూసేశారు, తర్వాత ఆ భవనాన్నే కూల్చేశారు. అప్పటికే పాటలు మారిపోయాయి, ఆడినవాళ్ళు బతుకుతెరువు చూసుకున్నారు. ఫ్రాంకీ పోస్టాఫీసులో చేరి సుమారు 30 ఏళ్ళు పనిచేశారు. అంత గొప్ప డాన్సరని పక్క బల్ల మీద ఉత్తరాలు విడదీసేవాడికైనా తెలుసో లేదో!

1980ల్లో కుర్రాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. 1984లో స్వీడన్ నుంచి వచ్చినవాళ్ళు సవాయ్ నాటి డాన్సర్ ఆల్ మిన్స్‌ను పట్టుకుని, స్టాక్‌హోం పిలిపించుకుని నేర్చుకున్నారు. మరుసటి ఏడే ఆయన పోయారు. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచించండి. 1986లో కాలిఫోర్నియా నుంచి ఇద్దరు యువ డాన్సర్లు ఫ్రాంకీ దగ్గరికి వచ్చేనాటికి ఆయనకు 70 దాటాయి. ఆ తర్వాత 20 ఏళ్ళకు పైగా దేశదేశాలు తిరిగి నేర్పారు.

మనకిది తెలియని సంగతి కాదు. నటరాజ రామకృష్ణ గారు వయసు మళ్ళిన దేవదాసీ కళాకారిణుల దగ్గర కూర్చుని నేర్చుకోకపోతే ఆంధ్రనాట్యం మనకు దక్కేదా? అలా దక్కినదాన్ని ఇష్టమొచ్చినట్టు కత్తిరించడానికి నాకు చేతులు రావు.

కొత్తడుగు:
అన్నా, మీ గౌరవం నాకూ ఉంది. కానీ ఆ పెద్దలు ఏం చేశారో కూడా చెప్పుకోవాలి కదా. ఫ్రాంకీకి ముందు సవాయ్‌లో రాజు షార్టీ జార్జ్ స్నోడెన్. ఆ తరం నిటారుగా నిలబడి ఆడేది. ఫ్రాంకీ పరుగు పందెం వాడిలా ముందుకు వంగి, చేతులూ కాళ్ళూ బారగా చాపి ఆడారు. ఇవాళ మనం 'లిండీ హాప్ ఒళ్ళు ఇలా ఉండాలి' అంటున్నది ఆయన మార్చిన తర్వాతి ఒళ్ళే.

1935 సంగతి తీసుకోండి. షార్టీ పొట్టి మనిషి, ఆయన జోడీ బిగ్ బీ పొడగరి. డాన్సు చివర ఆమె షార్టీని వీపున వేసుకుని ఫ్లోర్ మీంచి మోసుకెళ్ళిపోయేది. జనం విరగబడి నవ్వేవాళ్ళు. ఫ్రాంకీ అది చూసి, వీపున వేసుకుని ఆగడమెందుకు, అటు నుంచి ఇటు తిప్పి దింపేస్తే ఎలా ఉంటుందని ఆలోచించారు. ఫ్రీడా వాషింగ్టన్‌తో ప్రాక్టీసు చేసి, చిక్ వెబ్ బ్యాండు వాయిస్తుంటే సవాయ్ పోటీలో చేసి చూపించారు. లిండీలో గాల్లోకి లేపే స్టెప్పులు అక్కడ మొదలయ్యాయి. పెద్దాయన ఎలా వేస్తే అలాగే వేయాలనుకుని ఉంటే ఆ రాత్రి ఆయన కూడా జోడీ వీపెక్కి వెళ్ళిపోయేవారు, అంతే.

ఇంకో మాట. షిమ్ షామ్ అసలు బూట్ల చప్పుడుతో తాళం వేసే ట్యాప్ డాన్సర్లది. 1920ల్లో లియొనార్డ్ రీడ్, విల్లీ బ్రయంట్ కట్టినది. ట్యాప్ బూట్లు లేకుండా మామూలు జనం కూడా వేసుకునేలా దాన్ని మలిచి మనకు నేర్పింది ఫ్రాంకీ. అంటే మనం 'ముట్టుకోవద్దు' అంటున్నదే ఆయన ముట్టుకుని మార్చినది.

నార్మా_వైపు:
ఇద్దరూ ఫ్రాంకీ ఫ్రాంకీ అంటున్నారు, నార్మా మిల్లర్ పేరు ఒక్కరూ ఎత్తలేదు. 1919లో పుట్టిన ఈమె ఇల్లు సవాయ్ వెనకాలే. కిటికీ దగ్గర బ్యాండు వింటూ ఆడుకున్న పిల్ల, 15 ఏళ్ళకే లిండీ హాపర్లతో యూరప్ వెళ్ళింది. 2019లో 99 ఏళ్ళ వయసులో పోయేదాకా ఈ డాన్సు గురించి చెప్తూనే ఉంది. ఇది హార్లెంలో, నల్లవాళ్ళ మధ్య పుట్టిందని ఎక్కడికెళ్ళినా గుర్తుచేసేది. ఊరి నిండా రంగును బట్టి తలుపులు మూసే రోజుల్లో, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే ఫ్లోర్ మీద ఆడిన చోటు సవాయ్.

బూగీ బ్యాక్ ఉంచాలా తీయాలా అని కొట్టుకుంటున్నాం సరే. ఇది ఎవరిదో మన క్లాసులో మొదటిరోజు చెప్తున్నారా? మా ఊళ్ళో నేను మూడేళ్ళు నేర్చుకున్నాక గానీ 'షార్టీ జార్జ్' అనే స్టెప్పు ఒక మనిషి పేరని నాకు తెలియలేదు. మోకాళ్ళు వంచి, పక్కకు ఊపుతూ ముందుకు నడిచే ఆ నడక వేసిన ప్రతిసారీ ఆయన పేరే పలుకుతున్నాను, ఆయనెవరో తెలియకుండా. నాకు చాలా సిగ్గేసింది. అక్కడ హిప్‌హాప్ కలపాలన్న అమ్మాయిని నేను తప్పుపట్టను. అదీ నల్లవాళ్ళ వీధుల్లో పుట్టినదే కదా, ఆ చుట్టరికం ఆ పిల్లకు తెలిసి అడిగిందా అన్నదొక్కటే నా ప్రశ్న.

సియాటిల్_గోదారి:
అక్కా, మీ మాట సూటిగా తగిలింది. ఆ చుట్టరికం గురించి మా గ్రూపులో ఎవరం మాట్లాడుకోలేదు.

నాకు జరిగిన ఒక సంగతి చెప్తాను. కిందటేడు ఒక డాన్సు సభకు 80 దాటిన పెద్దావిడ ఒకరు వచ్చారు. ఆమెతో ఒక పాటకు ఆడే అదృష్టం దొరికింది. నాకేమో టెన్షన్. వచ్చిన స్టెప్పులన్నీ చూపించేయాలని మొదటి నిమిషంలోనే ఆమె చెయ్యి పట్టి తిప్పబోయాను. ఆమె తిరగలేదు. నవ్వుతూ అక్కడే నిలబడి, నా అరచేతి మీద రెండు వేళ్ళతో తాళం తట్టారు. డ్రమ్ముది కాదు, అడుగున నడుస్తున్న బేస్‌ది. నేను ఆగి విన్నాను. అప్పుడు ఆమె మోకాలు ఒక్క రవ్వ వంగింది, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారింది, నా చెయ్యి దానంతట అదే కదిలింది. పాట అయిపోయేదాకా మేం నాలుగడుగుల చోటు దాటలేదు. 1941లో తీసిన హాలీవుడ్ సినిమాలో ఫ్రాంకీ, నార్మా బృందం సుడిగాలిలా ఆడిన దృశ్యం వందసార్లు చూసుంటాను. ఈ తాళం నాకు అందులో దొరకలేదు. అది స్టేజీ కోసం ఆడినది మరి. ఇది ఒక చేతి నుంచి ఇంకో చేతికి రావలసినది.

అందుకే నిన్న మా టీచరు గారింటికి వెళ్ళి అడిగాను, ఫ్రాంకీ దగ్గర మీకు అన్నిటికన్నా గుర్తున్నదేమిటని. స్టెప్పు చెప్తారనుకున్నాను. పాట మొదలయ్యే ముందు జోడీకి వంగి నమస్కరించడం అన్నారు. ఆ మూడు నిమిషాలూ ఎదుటి మనిషిని మహారాణిలా చూసుకోవాలని ఆయన నేర్పేవారట. ఆ మాట చెప్తూ ఆవిడే అన్నారు, 'ఆ పిల్లతో నేను అలా మాట్లాడలేదు' అని.

మాట్లాడుతుంటే ఒకటి తట్టింది. ఫ్రాంకీ షిమ్ షామ్ వరసల దగ్గర ఆగదు. చివరి షార్టీ జార్జ్ అవగానే ఎవరికి దొరికినవాళ్ళను వాళ్ళు పట్టుకుని ఇష్టమొచ్చినట్టు ఆడతారు. వరసలో ఉన్నంతసేపు ఆయన నేర్పినట్టు, వరసలు విడిపోయి జంటలయ్యాక ఎవరి ఆట వాళ్ళది. ఆ అమ్మాయి హిప్‌హాప్‌కు అక్కడ చోటు ఉంది కదా?

కొత్తడుగు:
బాగుంది గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. 1935లో ఫ్రాంకీని 'నీ కొత్తది చివర్లో చూసుకో' అని ఎవరూ పక్కన కూర్చోబెట్టలేదు. పోటీ నడిబొడ్డునే చేశారు.

అడుగుజాడ:
తమ్ముడూ, అక్కడొకటి వదిలేశావు. షార్టీ ఆటను ఆయన ఎన్ని రాత్రులు చూసుంటారు, ఎన్నిసార్లు తనూ వేసి చూసుంటారు? ఆ వీపు స్టెప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో క్షుణ్ణంగా తెలిసింది కాబట్టే దాని తర్వాతి అడుగు దొరికింది. ఆ అమ్మాయికి బూగీ బ్యాక్ అంత బాగా వచ్చాక తీసేస్తానంటే నేనే టీచరు గారికి ఫోన్ చేసి చెప్తాను.

సియాటిల్_గోదారి:
ఆ అమ్మాయికి ఇందాకే మెసేజ్ పెట్టాను. ఈ చర్చ మొత్తం చదివి వినిపించడానికి గురువారం ప్రాక్టీసుకు గంట ముందే రమ్మన్నాను. వస్తానంది. టీచరు గారూ ముందే వస్తున్నారు. షార్టీ జార్జ్ కథ మొదట నేనే చెప్తాను, నార్మా అక్కా.